వేలం అయిపోయాక మిగిలిన గడువు

అది 2004. తిరుపతిలో కోర్టుకు దగ్గరగా, ఒక జెరాక్స్ అంగడి మేడ మీద చిన్న గది నా ఆఫీసు. సివిల్ దావాలు చూసేదాన్ని. పాలుపంపకాలు, అద్దె తగాదాలు, తనఖా కేసులు ఎక్కువగా వచ్చేవి. కార్తీక మాసం, తెరపి లేని వానలు. ఒక మధ్యాహ్నం గొడుగు గుమ్మం బయట ఆనించి, తడిసిన చీర కుచ్చెళ్లు పిండుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"లాయరమ్మా, ఒక్క మాట అడిగి పోదామని వచ్చినాను. నేలలో పాతిన రుబ్బురోలు ఇంటి కిందికి వస్తాదా, సామాన్ల కిందికి వస్తాదా?"

ఎందుకని అడిగాను.

"ఇల్లు వేలంలో పోయింది. కొన్నోళ్లకు అప్పజెప్పి పోవాల. గ్రైండరుంది గానీ, పచ్చడి మాత్రం నేను రోట్లోనే రుబ్బేది. పెరుక్కోని పోతే కేసు పెడతారేమోనని."

ఆమె పేరు చెంగమ్మ. పెద్దాసుపత్రికి దగ్గర్లో, తన ఇంటి ముందు గదిలో ఇడ్లీలు, దోసెలు అమ్ముకునేది. రోగుల వెంట వచ్చినవాళ్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు ఆమె బేరం. భర్త యాత్రికులను తిప్పడానికి జీపు కొందామని, ఆ ఇంటిని ఒక ఫైనాన్స్ వాళ్లకు రిజిస్టరు తనఖా పెట్టాడు. జీపు యాక్సిడెంటయి మూలపడింది. రెండేళ్లకు ఆయనా పోయాడు. బాకీ మాత్రం పెరుగుతూ వచ్చింది.

రోలు సంగతి పక్కనపెట్టి, వేలం ఎప్పుడు జరిగిందని అడిగాను.

"వినాయక చవితి అయిన తరవాత. ఎందుకమ్మా, అయిపోయిందానికి తారీకులు?"

తనఖా దావాల నడక తెలియనివాళ్ల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. బాకీదారు కట్టకపోతే ఇల్లు నేరుగా పోదు. కోర్టు మొదట ప్రిలిమినరీ డిక్రీ ఇస్తుంది. ఇంత బాకీ ఉంది, ఫలానా గడువులోగా కట్టి ఇల్లు విడిపించుకో అని దాని అర్థం. ఆ గడువు దాటితే ఫైనల్ డిక్రీ, ఆ మీదట వేలం. వేలంలో పాట ఖరారైనా కోర్టు దాన్ని వెంటనే స్థిరపరచదు. ఆ స్థిరపరచడాన్ని కన్ఫర్మేషన్ అంటారు, దానికి అరవై రోజులు ఆగుతుంది. కన్ఫర్మేషన్ జరగక ముందు బాకీ మొత్తం, దాంతో పాటు వేలంలో కొన్నవాళ్లకు వాళ్ల పాట సొమ్ములో నూటికి ఐదు కోర్టులో కడితే ఇల్లు తిరిగి సొంతదారుదే. దీన్నే మేం రిడెంప్షన్, అంటే తనఖా విడిపించుకోవడం అంటాం.

చెంగమ్మకు ఇవేవీ తెలియవు. సమన్లు వచ్చినప్పుడు వేలిముద్ర వేసి తీసుకుంది, కోర్టు గడప మాత్రం తొక్కలేదు.

"పోయి ఏం చెప్పేది? తీసుకున్నది నిజమే కదా," అంది. "ఇంటి ముందర తప్పెట కొట్టి చాటించినారు. ఇడ్లీ తింటా ఉన్నోళ్లు చేతులు కడక్కోకుండానే బయటికొచ్చి సూసినారు. అప్పుడే అనుకున్నా, ఇంగ ఈ ఇల్లు నాది కాదని."

ఆమె తెచ్చిన కోర్టు కాగితం మీద తారీకు చూసి లెక్కేశాను. "ఇంకా మీదేనమ్మా. ఇంకో ఇరవై రోజుల దాకా మీదే."

అప్పుడు కూర్చుంది. సంతోషం కనిపిస్తుందనుకున్నాను. ముఖంలో భయం కనిపించింది. ఆశ వదిలేసుకుని ఎలాగో కుదుటపడిన మనిషిని మళ్లీ లేపి నిలబెట్టినట్టయింది.

"డబ్బు యాడుంది నా దగ్గర? ఇంగోసారి అప్పు మాత్రం చేయను."

ఇంటి జాగా ఎంతని అడిగాను. వెనక పెరడు ఉందట, కట్టెలు వేసుకునేది. ఆ పెరడు అమ్మితే బాకీ తీరవచ్చు. కానీ సందులోంచి దానికి దారి లేదు, పక్కింటివాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదు. పక్కిల్లు దొరసామి అనే రిటైరైన సర్వేయరుది. ఆ పేరు వినగానే చెంగమ్మ లేచింది.

"ఆ మనిషినా? పిండి కడిగిన నీళ్లు ఆయన గోడ పక్కన పారతాయని పదేండ్లుగా మాటల్లేవు మాకు. ఇల్లు పోయినా పోనీ, ఆయన వాకిట్లో నిలబడను."

"మీరు నిలబడొద్దు. నేను అడుగుతాను."

ఆ సాయంత్రమే వెళ్లాను. దొరసామి గారు వసారాలో కూర్చుని రేడియో వింటున్నారు. నేను చెప్పింది విని రేడియో కట్టేశారు.

"వేలం రోజు నేను కూడా కోర్టుకు పోయినానమ్మా," అన్నారు. "డబ్బు కూడా ఉండింది. గేటు దాకా పోయి ఎనక్కి వచ్చేసినా. ఆడ పోయి నేను పాట పాడితే, రేపు ఆ యమ్మ మొగం ఎట్ల సూసేది? కొట్లాడుకునేది వేరే, ఇల్లు లాక్కునేది వేరే."

పెరడు కొనడానికి ఒప్పుకున్నారు. ధర కూడా న్యాయంగానే చెప్పారు. ఒకటే షరతు. ఆ పిండినీళ్ల కాలవ తన గోడ పక్క నుంచి తీసేసి వీధి కాలవలోకి మళ్లించాలి. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం గొంతు పెంచారు.

చెంగమ్మ ఒక రోజంతా ఆలోచించింది. మర్నాడు వచ్చి, "కాలవ మళ్లిస్తానని చెప్పు. కానీ ఖర్చులో సగం ఆయన పెట్టుకోవాల," అంది. ఆయన పెట్టుకున్నారు. పెరడు కూడా తనఖాలోనే ఉంది కాబట్టి అప్పుడే రిజిస్ట్రేషన్ కుదరదు. అగ్రిమెంటు రాయించి, ఆయన సొమ్మును చెంగమ్మ పేరుతో నేరుగా కోర్టులో జమ కట్టించాను. తక్కువపడింది ఆమె బంగారు గాజులు అమ్మితే సరిపోయింది. గడువు ఇంకా వారం ఉండగానే పిటిషన్ వేశాను.

నా వరకు పని అక్కడితో అయిపోయింది. వేలంలో కొన్నవాళ్లకు కోర్టు నోటీసు వెళుతుందని చెప్పాను. చెంగమ్మ ఉలిక్కిపడింది.

"ఆ పిల్లోళ్లకా?"

అప్పుడు తెలిసింది. వేలంలో ఇల్లు పాడుకున్నది మునిరత్నం అనే బస్సు మెకానిక్. వేలం అయిన తర్వాత భార్య విజయను తీసుకుని ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు. చెంగమ్మ వాళ్లకు కాఫీ ఇచ్చింది. కొళాయి నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయో, వానకు ఏ మూల కారుతుందో, ఏ కిటికీ తెరిస్తే గాలి బాగా వస్తుందో, అన్నీ దగ్గరుండి చూపించింది.

"నోటీసు అందక ముందు నా నోటితో చెప్పి రావాల," అంది.

వద్దన్నాను. మాటామాటా పెరిగితే అనవసరమైన రభస. చట్ట ప్రకారం ఆమె వెళ్లాల్సిన పనీ లేదు. వినలేదు. ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెళ్లాను.

రెండు గదుల అద్దె వాటా. మమ్మల్ని చూడగానే విజయ ముఖం వెలిగిపోయింది. తాళాలు ఇవ్వడానికి వచ్చామనుకుంది. "రా అత్తా, కూర్చో," అని చాప వేసింది. నడవలో గిన్నెలు, బట్టలు అప్పటికే మూటలు కట్టి ఉన్నాయి.

చెంగమ్మ చాప మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "తల్లీ, ఇల్లు నేను ఇడిపించుకుంటా ఉండా. మీకు ఇవ్వలేను."

మునిరత్నం నావైపు తిరిగాడు. "మేము ఒప్పుకోకపోతే, మేడమ్?"

"మీరు కాదనడానికి చట్టంలో దారి లేదు."

"మేం చేసిన తప్పేంది? కోర్టే అమ్మింది, మేం కొన్నాం."

"తప్పేమీ లేదు. మీరు కట్టిన సొమ్ము మొత్తం తిరిగి వస్తుంది. దాని మీద నూటికి ఐదు మీకు నష్టపరిహారం."

"నూటికి ఐదా?" అని నవ్వాడు.

విజయ మాత్రం చెంగమ్మనే చూస్తోంది. "అప్పుడు అంతా చూపిస్తివే అత్తా. కొళాయి తిప్పి కూడా చూపిస్తివే."

"అప్పుడు నాకు తెలీదమ్మా. మీరే ఉండబోతారని మనసారా చూపించినాను."

"ఈ ఇంటాయనకు నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పేసినాము," అంది విజయ. ఇక ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెంగమ్మ ఆమెను ఓదార్చలేదు. "ఆ ఇంటాయన యాడుంటాడు?" అని అడిగింది. పై వాటాలోనని తెలియగానే మెట్లెక్కింది. నేను కిందనే ఉండిపోయాను. పైనుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది, మొదట బతిమాలుతూ, తర్వాత గట్టిగా. దిగి వచ్చేసరికి ఆయాసపడుతోంది. ఆ వాటాకు వేరేవాళ్ల దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నాడట, వీళ్లకే మళ్లీ ఇవ్వలేనన్నాడు. వేరే ఇల్లు దొరికేదాకా ఒక నెల మాత్రం ఆగుతానన్నాడు. ఆమె సాధించగలిగింది అంతే.

వాయిదా రోజు జడ్జి గారు మునిరత్నాన్ని అభ్యంతరం ఏమైనా ఉందా అని అడిగారు. అతను వెనక బెంచీలో కూర్చున్న చెంగమ్మను ఒకసారి చూసి, "లేదు సార్," అన్నాడు. వేలం రద్దయింది. ఆ నెలలోనే దొరసామి గారి పేర పెరడు రిజిస్టరయింది. మునిరత్నం దంపతులు ఊరి చివర, ఉన్నదానికంటే చిన్న వాటాలోకి మారారని తర్వాత విన్నాను. వాళ్లు సొంతిల్లు కొనుక్కున్నారో లేదో నాకు తెలియదు.

అంతకుముందు ఇలాంటి కేసు గెలిస్తే ఒక ఇల్లు నిలబెట్టానని గర్వపడేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అరవై రోజుల గడువుకు ఇటు పక్క ఒక కుటుంబం ఉంటే, అటు పక్క కూడా ఒక కుటుంబం ఉంటుందని చట్టం పుస్తకం చదివినప్పుడు తట్టలేదు. ఆ చాప ముందు నిలబడ్డాకే తెలిసింది. మునిరత్నానికీ విజయకూ ఆ గడువు సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

ఇప్పుడు వేలంలో ఇల్లు పోయిందని వచ్చినవాళ్లకూ, వేలంలో ఇల్లు కొన్నామని మిఠాయి పెట్టెతో వచ్చినవాళ్లకూ మొదట చెప్పే మాట ఒకటే. కన్ఫర్మేషన్ అయ్యేదాకా, ఉన్న ఇల్లు వదలకండి.