అన్నది అన్నట్టు చెప్పిన రోజు: పలాస, అక్కుపల్లి, టెక్కలి

మా మేడ మీద పోర్షన్‌లో రెండేళ్ళుగా అద్దెకుంటున్న అబ్బాయి పేరు బరాకా. దేశం టాంజానియా, సముద్రపు ఒడ్డున మ్త్వారా అనే ఊరు. విశాఖలో ఎం.ఎస్సీ. చదువుకుంటున్నాడు. వీధిలోకి వెళ్ళొచ్చినప్పుడల్లా మెట్ల దగ్గర ఆగి, తన చెవిన పడిన ఏదో ఒక తెలుగు మాట వచ్చీరాకుండా పలికి, "ఇది తిట్టా ఆంటీ?" అని అడిగేవాడు. నేను కూరలు తరుగుతూనే "ఛఛ, తిట్టెందుకవుతుంది, ముద్దుగా అన్నారు" అనేదాన్ని. నల్లోడు అన్నా ముద్దే, ఇంకేమన్నా ముద్దే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినదాన్ని, ఏ మాట ఏ గొంతులో ఎలా పలుకుతుందో నాకు తెలియదా? తెలుసు. అయినా దేశంకాని దేశం వచ్చిన పిల్లాడు, మనసు కష్టపెట్టడమెందుకులే అనుకునేదాన్ని.

ఈ జనవరిలో వాళ్ళ చెల్లెలు నీమాకి కూడా ఇక్కడే సీటు వచ్చింది. వస్తుందో రాదో సోమవారం లోగా చెప్పాలి. ఆ నిర్ణయం ఇంట్లోవాళ్ళు వీడి నెత్తిన పెట్టారు. వీడు రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. "నేను ఎలాగో నెట్టుకొచ్చాను. అది పద్దెనిమిదేళ్ళ పిల్ల. తనని ఎవరేమంటున్నారో కూడా తెలియని చోటికి ఎలా రమ్మనను?" అన్నాడు. శుక్రవారం సాయంత్రం నా వంటింట్లో పలాస జీడిపప్పు పొట్లం చూసి, "మా ఊరి చుట్టూ ఈ జీడితోటలే" అన్నాడు. "అయితే రేపు పలాస పోదాం పద, కాస్త గాలి మారుతుంది" అన్నాను. వాడు ఒక షరతు పెట్టాడు. రేపు ఒక్కరోజు ఎవరేమన్నా అన్నది అన్నట్టు చెప్పాలి. తిట్టయితే తిట్టు అని చెప్పాలి. అదంతా విని, ఇంటికి తిరిగొచ్చేలోగా చెల్లెలికి ఫోన్ చేసి రమ్మనడమో వద్దనడమో తేల్చేస్తాడట. సరేనన్నాను గానీ లోపల బెదురుగానే ఉంది. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. మీ కోసం తెలుగు చేసి రాస్తున్నాను.

విశాఖలో ఉదయం ఐదున్నరకి రైలెక్కితే తొమ్మిది దాటాక పలాసలో దిగాం. జనరల్ టికెట్ మనిషికి వంద రూపాయల లోపే. దారిలో సోంపేట వెళ్తున్న ఒకావిడ ఒళ్ళో పిల్ల వేలు పెట్టి చూపిస్తూ "అమ్మా, నల్లోడే!" అని కేకేసింది. తల్లి దాని నోరు మూసి సిగ్గుతో చచ్చిపోయింది. బరాకా నా వైపు చూశాడు. చెప్పాను. "పిల్లకి కనబడింది, చెప్పింది. తిట్టు కాదు. వాళ్ళమ్మకి మాత్రం తిట్టులా వినబడింది." వాడు తలూపి, బిస్కెట్ పొట్లం విప్పి ఆ పిల్ల ముందు పెట్టాడు. అది రెండు తీసుకుని మళ్ళీ "నల్లోడు" అనే అంది.

స్టేషన్ నుంచి కాశీబుగ్గకి షేర్ ఆటో, తలా ఇరవై. ఇడ్లీ తిని, నా స్నేహితురాలి మరిది నడిపే చిన్న జీడి యూనిట్‌కి వెళ్ళాం. ముందు ఫోన్ చేసుకుని వెళ్తే చాలా యూనిట్లలో చూడనిస్తారు, మధ్యాహ్నం కంటే ఉదయమే మంచిది. లోపల ఇరవై మంది దాకా ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పు మీది పొట్టు తీస్తున్నారు. గుమ్మంలో బరాకా వంగి లోపలికి అడుగుపెట్టేసరికి చేతులన్నీ ఆగిపోయాయి. అందరికంటే పెద్దావిడ, పేరు రాజులమ్మ, కళ్ళజోడు సర్దుకుని "ఓలమ్మ! ఎంత పొడుగున్నాడే! ఎవులమ్మా ఈ దొర?" అంది.

నేను చెప్పగానే బరాకా పకపకా నవ్వాడు. "దొర అంటే తెల్లవాళ్ళని అనే మాట కదా? నన్నా?" ఆ ముక్క రాజులమ్మకి చేరవేశాను. ఆవిడ ఏమాత్రం తగ్గలేదు. "మరేటమ్మా, ఇమానమెక్కి ఒచ్చినోడు దొర కాడేటి? తెలుపేటి, నలుపేటి?" అంది. తర్వాత గోడవారన ఉన్న గోనె బస్తాలు చూపించింది. ఇక్కడి పంట చాలక పలాస యూనిట్లకి ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు వస్తాయి. బస్తా మీద అక్షరాలు చదివి బరాకా అలాగే నిలబడిపోయాడు. అవి వాళ్ళ దేశంవే. "మీ ఊరి పిక్కలేనా ఇయ్యి? పెద్దగా ఉంటాయి గానీ రుసి నేదు బాబూ. మన ఉద్దానం పిక్క ముందు ఏటికీ పనికిరావు" అని మొహం మీదే చెప్పేసింది రాజులమ్మ. పలాస చుట్టుపక్కల తీరాన్ని ఉద్దానం అంటారు. నేను నమిలి మింగబోయి, షరతు గుర్తొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాను. బరాకా ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, ఆవిడ ఇచ్చిన ఉద్దానం పప్పు, తర్వాత తన దేశం పప్పు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "ఆవిడ చెప్పింది నిజమే. మా నాన్నకి మాత్రం చెప్పకండి" అన్నాడు. యూనిట్ అంతా నవ్వే.

అక్కడి నుంచి అక్కుపల్లి తీరానికి ఆటో, రానూ పోనూ ఎనిమిది వందలకి కుదిరింది. తొమ్మిది వందలడిగితే నేను ఊరుకుంటానా? డ్రైవర్ ధర్మారావు దారి పొడుగునా అద్దంలో బరాకానే చూస్తున్నాడు. "ఫారినోడే గానీ మనోడిలాగే ఉన్నాడు మేడమ్. మా బావొకడు అచ్చం ఇదే రంగు" అన్నాడు. కొబ్బరితోటలు, జీడితోటలు, మధ్యలో ఎర్రమట్టి. బరాకా మాట్లాడటం మానేసి తల బయట పెట్టి చూస్తున్నాడు. "ఇది మా ఊరే ఆంటీ" అన్నాడు ఒకసారి. ఇక్కడైనా ఎవరూ వీడి మనసు విరగ్గొట్టకుండా చూడు భగవంతుడా అని మొక్కుకున్నాను.

మేం చేరేసరికి పదకొండు. ఒడ్డున రెండో వల లాగుతున్నారు. ఇది పడవలోకి లాగే వల కాదు. సముద్రంలో అర్ధచంద్రంలా వల వేసి వచ్చి, దాని రెండు కొసల తాళ్ళూ పట్టుకుని మనుషులు రెండు వరసల్లో ఒడ్డు మీద నుంచే లాగుతారు. బరాకా చెప్పులు విడిచి దగ్గరికి వెళ్ళి నిలుచున్నాడు. వరస చివర ఉన్న మనిషి తల తిప్పి చూసి గట్టిగా అరిచాడు. "ఓ నల్లబావా! సూత్తా నిలబడిపోనావేటి? తాడట్టు!"

అందరూ నవ్వారు. బరాకా మొహం మారింది. నా దగ్గరికొచ్చి "ఏమన్నాడు?" అన్నాడు. చెప్పాను. నల్ల అంటే నీ రంగు. బావ అంటే అక్క మొగుడు, మేనత్త కొడుకు, ఇక్కడైతే దారిన పోయే ఎవరైనా. మొత్తం కలిపితే తిట్టో, సరసమో, నాకు నిజంగానే తెలియలేదు. "తెలీదు బరాకా" అన్నాను. రెండేళ్ళలో వాడికి ఆ మాట చెప్పడం అదే మొదలు. వాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, వెళ్ళి తాడు పట్టుకున్నాడు.

పట్టుకున్న తీరు చూడాలి! మడమలు ఇసుకలో దించి, నడుం వెనక్కి వాల్చి, పక్కవాడి అడుగుతో అడుగు కలిపి లాగుతున్నాడు. వాళ్ళ తాత కూడా ఇలాంటి వల లాగేవాడట, తర్వాత చెప్పాడు. ముందు అరిచిన మనిషే తన తలపాగా విప్పి "సేతులు కోసుకుపోతాయి బావా, సుట్టుకో" అని విసిరాడు. గంట సేపు లాగారు. వల ఒడ్డెక్కేసరికి చేప అంతంతమాత్రమే. కవళ్ళనే చిన్న చేపలు, పట్టీల్లా పొడుగ్గా ఉండే సావడాయిలు కొద్దిగా.

అసలు సంగతి ఆ తర్వాత. చేపని ఇసుక మీద కుప్పలు కుప్పలుగా పోశారు. అప్పన్న అనే పెద్దాయన కర్రతో ఒక్కో కుప్పనీ చూపిస్తూ అది ఎవరిదో పేరు పిలుస్తున్నాడు. "ఇది మెల్లకన్ను సోములుది. ఇది పొట్టి గవరయ్యది. ఇది కుంటి రాములుది." నేను గొణుగుతూ చెబుతున్నాను, బరాకా వింటున్నాడు. కర్ర ఇంకో కుప్ప మీద ఆగింది. "ఇది నల్లబావది."

ఎవరో వెనక నుంచి "ఆడు సాయంత్రానికి ఎల్లిపోతాడు గదా, ఆడికెందుకు?" అన్నారు. అప్పన్న వెనక్కి తిరగను కూడా లేదు. "తాడట్టినాడా నేదా? అట్టినోడికి వాటా ఉంతాది. ఎల్లిపోతే ఎల్లిపోతాడు" అని తర్వాతి కుప్ప దగ్గరికి నడిచాడు.

ఈ మాటలూ ఇంగ్లీషులో ఒక్కటీ వదలకుండా చెప్పాను. బరాకా మాత్రం మెల్లకన్ను సోములు వైపు చూస్తున్నాడు. "ఆయన్ని అలా పిలిస్తే బాధ లేదా? అడగండి" అన్నాడు. నాకు మొహమాటం వేసింది గానీ అడిగాను. సోములు చేపలు బుట్టకెత్తుకుంటూ "మొదట్లో కోపమొచ్చీది. ఇప్పుడు ఆ పేరొగ్గేసి ఉట్టి సోములంటే ఈ ఊర్లో ఆరుగురు పలుకుతారు" అన్నాడు. ఆగి, "అయితే మా పిల్లని సూడ్డానికి పెళ్ళోరు ఒచ్చినప్పుడు మాత్రం అలగ పిలవద్దని సెప్పినాను" అన్నాడు. ఆ రెండోది కూడా చెప్పాను. బరాకా అది విని నవ్వలేదు, అర్థమైనట్టు తల ఊపాడు. వాడి వాటా చేపని సోములు భార్యే వేపుడు చేసి, అన్నంతో మా ముందు పెట్టింది. కిడ్నీలు పాడవుతాయి, ఇక్కడ బోరు నీళ్ళు తాగొద్దని ఆవిడే క్యాను నీళ్ళు పోసింది. డబ్బు ఇవ్వబోతే "మీ సేపే గదమ్మా" అంది.

కాశీబుగ్గకి తిరిగొచ్చి టెక్కలి బస్సెక్కాం. ముప్పావుగంట ప్రయాణం. విశాఖకి పలాస నుంచి రైలు కోసం కాచుక్కూర్చునే కంటే, టెక్కలి వచ్చేస్తే బస్సులు ఎక్కువ. నా మనసు తేలికైపోయింది, ఇక గండం గడిచినట్టే అనుకున్నాను. బస్టాండులో టీ తాగుతున్నాం. పక్కన ముగ్గురు మగాళ్ళు, ముప్ఫై ఏళ్ళవాళ్ళు, చక్కగా చదువుకున్నట్టే ఉన్నారు. ఒకడు ఫోన్ పైకెత్తి బరాకాని ఫోటో తీస్తూ "నీగ్రోగాడు" అన్నాడు. రెండోవాడు ఒక జంతువు పేరు కలిపాడు. ముగ్గురూ నవ్వారు.

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళి, "ఏం నాయనా, ఇంకోసారి అను, అందరం విందాం" అన్నాను. "సరదాకన్నానండి, దానికేటి?" అన్నాడు. "సరదాకంటే ఆయనకీ నవ్వు రావాలిగా? ఆ ఫోటో తీసెయ్, ఇప్పుడే, నా ముందు." టీ కొట్టాయన "తీసెయ్ బాబూ, బాగోదు" అన్నాక తీసేసి, ముగ్గురూ అటు తిరిగిపోయారు. వెనక్కి తిరిగాను. బరాకా నా వెనకే నిలబడి ఉన్నాడు. "ఏమన్నారు ఆంటీ?"

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. పొద్దున్నుంచీ పోగేసిందంతా ఒక్క మాటతో పోతుంది, ఆ పిల్ల ఇక రాదు. అయినా చెప్పాను. రెండు మాటలూ చెప్పి, "ఇవి తిట్లే. శుద్ధ తిట్లు" అన్నాను.

విశాఖ బస్సెక్కి, సీట్లలో కూర్చున్నాక వాడు నా వైపు తిరిగాడు. నేననుకున్నది అనలేదు. "ఇన్నాళ్ళూ మీరు అన్నిటికీ ముద్దుగా అన్నారనే చెప్పేవారు. అందుకే నిజంగా ముద్దుగా అన్నవాటిని కూడా నమ్మలేదు. ఇవాళ వాటా పంచిన ఆ ముసలాయన అన్నది నమ్ముతున్నాను."

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. అదే ఊపులో ఇంకోటి కూడా కక్కేశాను. వాడు మా ఇంటికొచ్చిన కొత్తలో మా అక్కకి ఫోన్‌లో "పై పోర్షన్‌లో నీగ్రో కుర్రాడు దిగాడు" అని నేనే చెప్పాను, అదీ గొంతు తగ్గించి. గొంతు తగ్గించానంటే అది మంచి మాట కాదని నాకు తెలిసినట్టేగా. బరాకా కిటికీలోంచి చూస్తూ, "మా ఊళ్ళో జీడిపిక్కలు కొనే ఇండియా వ్యాపారి ఒకాయన ఉండేవాడు. పిల్లలం ఆయన వెంట మ్హిందీ, మ్హిందీ అని అరుస్తూ పరిగెత్తేవాళ్ళం" అన్నాడు. మ్హిందీ అంటే ఇండియావాడు అని, అంతే. "అంతేనా? షరతు నీకూ ఉంది" అన్నాను. వాడు సిగ్గుపడుతూ చెప్పాడు. ఆయన దగ్గర ఇంగువ వాసన కొడుతుందని ముక్కు మూసుకుని మరీ అరిచేవాళ్ళట. నాకు నవ్వాగలేదు. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

శ్రీకాకుళం దాటాక నీమాకి ఫోన్ చేశాడు. వాళ్ళ భాషలో పావుగంట మాట్లాడాడు. నాకు అర్థమైంది "ఆంటీ" ఒక్కటే, అది నాలుగైదు సార్లు వచ్చింది. పెట్టేశాక, ఏమన్నావని అడిగాను. "రమ్మన్నాను" అన్నాడు. "తిట్టేవాళ్ళున్నారు, తాడు చేతికిచ్చేవాళ్ళూ ఉన్నారు, ఏది ఏదో కింద పోర్షన్‌లో ఆంటీ నిజం చెబుతుంది అన్నాను." నాకు ఆ క్షణాన ఎంత హాయిగా అనిపించిందో రాయడం చేతకాదు.

పరాయివాళ్ళని మనవాళ్ళు పిలిచే పేర్లు మొరటువా, అమాయకమైనవా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. ఒకటి మాత్రం తెలిసింది. అది తేల్చాల్సింది అన్నవాళ్ళూ కాదు, మధ్యలో నిలబడి చక్కెర కలిపే నాలాంటివాళ్ళూ కాదు, విన్నవాళ్ళే. వాళ్ళు తేల్చుకోవాలంటే ముందు ఆ మాట వాళ్ళ దాకా చేరాలి. మీరు ఇటు వెళ్ళేటట్టయితే, పలాసలో ఉదయం తొమ్మిది ప్రాంతంలో దిగి, పదకొండు లోపు అక్కుపల్లి చేరేలా చూసుకోండి, వల లాగడం చూడొచ్చు. మీ వెంట తెలుగు రాని మనిషి ఉంటే, ఎవరేమంటున్నారో అక్కడికక్కడే, పూర్తిగా, మొహమాటం లేకుండా చెప్పెయ్యండి.