అమావాస్య నాటి వోల్టేజీ

1986 జూన్‌లో నన్ను వరంగల్ సర్వీస్ సెంటర్‌కు ఇన్‌చార్జిగా వేశారు. మాది హైదరాబాదులో టీవీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ. అందులో మెట్లు మూడే: మెకానిక్, సీనియర్ మెకానిక్, ఇన్‌చార్జి. కార్డు మీద మాత్రం అందరికీ ‘సర్వీస్ ఇంజనీర్’ అని అచ్చువేయించేవారు. దానికీ జీతానికీ సంబంధం లేదు. నా కింద సీనియర్ మెకానిక్‌గా ఉన్న యాకూబ్ వయసులో నాకంటే చాలా పెద్ద. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను సార్ అనేవాడు. స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంటే ఆ కాసేపు పెత్తనం వాళ్లది.

నర్సంపేట, వర్ధన్నపేట, డోర్నకల్ దాకా మా ఇలాకా. నర్సంపేటలో ఒక టీవీ వెనక మూత తీస్తే లోపల పిల్లి పిల్లల్ని పెట్టుకుని పడుకుని ఉంది. బొమ్మ రాకపోవడానికి కారణం పిల్లి కాదు, ఫ్యూజు. దాన్ని నిద్ర లేపకుండానే ఫ్యూజు మార్చి, మూత బిగించి, రసీదు రాసిచ్చి వచ్చాం. ఈ మాట నా భార్య ఇప్పటికీ నమ్మదు కాబట్టి మీరు నమ్మాలని నేను పట్టుబట్టను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం యాకూబ్ భాయ్ కళ్లముందు జరిగింది.

ఆ వానాకాలంలో, వరంగల్‌లోనే నేతపనివాళ్ల పేట అయిన కొత్తవాడ నుంచి రాజమల్లు అనే నేతపనివాడు మా సెంటర్‌కు వచ్చాడు. ఆయనకు రెండు సాంచాలు ఉండేవి. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అంటారు. ఒకటి అమ్మేసి వచ్చాడు. హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో రూపాయి బిళ్ల వేస్తే తెర మీద విమానాలను కాల్చే ఆటల డబ్బా చూశాడట, అలాంటిది తన ముందు గదిలో పెట్టాలని ఆలోచన. రెడీమేడ్ డబ్బా కొనాలంటే రెండో సాంచా కూడా అమ్మాలి. అందుకని భాగాలు విడివిడిగా ఎంచి, బిగించి ఇమ్మని మమ్మల్ని అడిగాడు. మా కంపెనీ నియమాల్లో ‘ఇతర ఎలక్ట్రానిక్ సేవలు’ అని ఒక వాక్యం ఉండేది. దాని నీడలో మేము పెళ్లి మైకులు కూడా బాగుచేసేవాళ్లం. ఒప్పుకున్నాం.

రెండోసారి ఆయన వెంట భార్య సత్తెమ్మ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“సారూ, అమ్మిన సాంచ మా మామ కొన్నది. ఇన్నేండ్లు తిండి వెట్టింది. గీ డబ్బ ఎన్నేండ్లు వెడ్తది?”

“నడిచినన్ని దినాలు నడుస్తది తియ్,” అన్నాడు రాజమల్లు.

“నువ్వు జర ఊకో. నేను సారును అడుగుతాన. ఇది గిట్ల బందైతే ఉన్న ఒక్క సాంచ గూడ వోతది సారూ. గప్పుడు ఈయన మందింట్ల కూలికి సాంచ నడుపుడే.”

ఇన్నేళ్లని మాటివ్వలేనని చెప్పాను. చెడితే మార్చుకోగలిగే భాగాలు కొందామని, మార్చలేనిది ఉంటే దాన్ని మొదటే గట్టిది కొందామని చెప్పాను.

అలాంటి డబ్బాలో ముఖ్యమైనవి నాలుగే. ఆట నడిపే బోర్డు, బొమ్మ చూపే తెర, చేతితో తిప్పే కర్ర, వీటన్నిటికీ కరెంటు అందించే సరఫరా. బోర్డు అంటే చిన్న కంప్యూటరే. కంప్యూటర్ అంటే అప్పట్లో చల్లటి గదిలో, చెప్పులు బయట విడిచి చూడాల్సిన వస్తువు. నేను బోర్డు చేతికిచ్చి ఇదీ కంప్యూటరే అనగానే రాజమల్లు వంగి చెప్పులు విప్పాడు.

బోర్డుల్లో రెండు రకాలు దొరికేవి. కొత్త ఆటలవాటిలో చిప్పులను బోర్డుకే టంకం పెట్టేసేవారు. పాతవాటిలో చిప్పులు సాకెట్లలో కూర్చునేవి, ఒకటి పోతే అదొక్కటే పీకి మార్చవచ్చు. పాతదే తీసుకున్నాం. చేతికర్రకు బజారులో దొరికే ప్లాస్టిక్‌ది నాకు నచ్చలేదు. రోజంతా సాంచాల దగ్గర పనిచేసే చేతులు దాన్ని వారంలో విరిచేస్తాయి. రాజమల్లు ఇంట్లో అరిగి పక్కన పడేసిన నాడె ఒకటి ఉంది. నూలు మోస్తూ ఇటూ అటూ పరుగెత్తే ఆ కట్టె ముక్క ఇనుమంత గట్టిది. దాన్నే చెక్కించి పిడిగా బిగించాం. తెర మాత్రం రంగులదే కావాలని రాజమల్లు పట్టు. లెక్క వేస్తే రంగుల తెర పోను మిగిలినదానితో కరెంటు సరఫరాకు మామూలు స్టెబిలైజరే వస్తుంది. సరే అనుకున్నాం.

అంతలో రాజమల్లు ఉండే వీధి చివర కిరాయి సైకిళ్ల దుకాణం నడిపే కుమారస్వామి పోటీకి దిగి, ఏకంగా రెడీమేడ్ రంగుల డబ్బా దించాడు. మూడు వారాలు జనం ఎగబడ్డారు. అమావాస్య నాడు మధ్యాహ్నం అది ఠప్పుమని పేలి, పొగ వదిలి చచ్చిపోయింది. కొత్తవాడలో అమావాస్య అంటే సాంచాలకు సెలవు. పనిముట్టు ముట్టరు. అలాంటి రోజున పెట్టె పేలితే జనం ఊరుకుంటారా? దయ్యం పట్టిందన్నారు. చాయ్ హోటల్లో నన్ను అడిగితే నేను కాదనలేదు. ఆ దయ్యం బతికున్నప్పుడు డోర్నకల్‌లో రైలింజన్‌కు బొగ్గు వేసేదని, వేడి తగలకపోతే నిద్రపట్టక ట్రాన్స్‌ఫార్మర్లలో దూరుతుందని ఒకటి రెండు వివరాలు మాత్రం కలిపాను. సాయంత్రానికి అవి నా దగ్గరికే తిరిగి వచ్చాయి, దయ్యానికి పేరు కూడా పెట్టి.

రాజమల్లు దిగాలుపడి వచ్చాడు. “నాకద్దు సారూ గీ పెట్టె.”

“సాంచ అమ్మినంక అద్దంటే అది మల్ల నడుసుకుంట వస్తదా?” అంది సత్తెమ్మ. “ఎందుకు పేలిందో జూడుండ్రి సారూ ముందుగల.”

కుమారస్వామి అనుమతితో ఆ డబ్బా విప్పాం. బోర్డుకు ముందున్న పవర్ సప్లై పూర్తిగా కాలింది, కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి. తక్కువ కరెంటుకు ఇలా జరగదు, ఎక్కువైతేనే జరుగుతుంది. కానీ కొత్తవాడ బాధ ఎప్పుడూ తక్కువ కరెంటే. అక్కడ బల్బు ఎంత మిణుకుమిణుకుమనేదంటే, అది వెలిగిందో లేదో చూడటానికి ఇంకో దీపం పట్టుకెళ్లాలి. అందుకే అందరూ స్టెబిలైజర్ పిడిని వోల్టేజీ పెంచే వైపు తిప్పి వదిలేసేవారు.

“భాయ్, కొత్తవాడల మనం వోల్టేజీ ఎప్పుడు కొలిచినం?” అని యాకూబ్‌ను అడిగాను.

“పనున్న నాడే సార్. అమాస నాడు మనల మూత తియ్యనిస్తరా వాండ్లు?”

అంటే అమావాస్య నాటి వోల్టేజీని మేము ఒక్కసారీ కొలవలేదు. అమావాస్య నాడు స్క్రూడ్రైవర్ పట్టనివ్వరని ఆ రోజు మేము వేరే ఊళ్లకు వెళ్లేవాళ్లం.

తర్వాతి అమావాస్యకు మీటరు పట్టుకుని రాజమల్లు ఇంటికి పోయాం. ఆయన గడపలోనే ఆపాడు. “ఇయ్యాల పనిముట్టు ముట్టం సారూ.”

యాకూబ్ భాయ్ మీటరు చూపించి, ఇది దేన్నీ కోయదు, బిగించదు, ఉత్తగా చూస్తుంది అన్నాడు. రాజమల్లు భార్య వైపు చూశాడు.

“దవాఖానల జరం జూసే గొట్టం అసొంటిదేనా?” అని అడిగింది సత్తెమ్మ.

“అదే అమ్మా.”

“మరి అమాస నాడు జరం జూసుకోమా? రానియ్యి.”

రెండు వందల ముప్పై వోల్టులు ఉండాల్సిన చోట పని రోజుల్లో నూట డెబ్బై దగ్గర మూలిగే ముల్లు ఆ రోజు రెండు వందల డెబ్బై దాటి నిలబడింది. సంగతి తేలిపోయింది. సాంచాలన్నీ ఒక్కసారి లాగినప్పుడు కూడా కాస్తయినా అందాలని ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ పెంచి పెట్టారు. సాంచాలు ఆగిన రోజు ఆ కరెంటును తినేవాడు లేక, ఉన్నదంతా ఇళ్లమీద పడుతుంది. స్టెబిలైజర్ దానికి ఇంకొంత కలిపి లోపలికి పంపుతుంది. పైగా అలాంటి డబ్బా ఎక్కువగా ఆడేది కూడా ఆ రోజే, నేతపనివాళ్లందరికీ తీరిక దొరికేది అప్పుడే కాబట్టి.

దీనికి మందు ఒక్కటే. కాన్‌స్టంట్ వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ అని, ఎంత తక్కువ వచ్చినా ఎంత ఎక్కువ వచ్చినా ఒకే తీరుగా ఇచ్చే బరువైన ఇనుప పెట్టె. ఆఫీసు కంప్యూటర్లకు వాడేవారు. అది కొంటే రంగుల తెర రాదు.

“నలుపు తెలుపు ఎవలు జూస్తరు సారూ?” అన్నాడు రాజమల్లు. “కుమారస్వామి తనది రిపేర్ జేపిస్తాండు. పోరగాండ్లు అటే వోతరు.”

“పోనీ,” అంది సత్తెమ్మ. “అది మల్ల పేలినంక ఇటే వస్తరు గద.”

పాత నలుపు తెలుపు టీవీ ఒకటి కొని, దాని మీద పైన నీలం, కింద ఆకుపచ్చ ఉన్న ప్లాస్టిక్ షీటు అంటించాం. ఆకాశం నీలంగానే ఉండేది. విమానం కిందికి దిగితే అది కూడా పచ్చబడేది.

మరుసటి అమావాస్య నాడే డబ్బా మొదలు. కొత్త పని మొదలుపెట్టే రోజు కాదని రాజమల్లు గునిసినా, ఆ రోజు నిలవకపోతే ఏ రోజు నిలిచీ లాభం లేదని సత్తెమ్మే అంది. వైర్లన్నీ ముందు రోజే బిగించాం. పొద్దున్నుంచి జనం వచ్చారు, ఆడటానికి కాదు, పెట్టె చచ్చిపోవడం చూడటానికి. నేను చెప్పిన దయ్యానికి అంత పలుకుబడి ఉందని నాకే తెలియదు. కుమారస్వామి కూడా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొదటి బిళ్ల వేయడానికి ఎవరూ ముందుకు రాకపోతే యాకూబ్ భాయ్ వేశాడు.

తెర బాగా కనబడాలని కిటికీలు మూసేశాం. మధ్యాహ్నానికి ఫ్యాను రెక్కలు కనబడనంత వేగంగా తిరుగుతోంది. ఉన్నట్టుండి ఠప్పుమంది. గదంతా చీకటి. గుమ్మం దగ్గరి వాళ్లు బయటికి దూకారు. రాజమల్లు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

పోయింది నెత్తి మీది బల్బు. తెర మీద నీలం ఆకాశంలో విమానం అలాగే పోతోంది. కింద ఇనుప పెట్టె గుయ్యిమంటోంది.

“బల్బు గాదు, పెట్టెను జూడుండ్రి,” అంది సత్తెమ్మ చీకట్లోంచి. “ఇగ ఎవలన్న బిల్ల ఏస్తరా, నన్నే ఆడుమంటరా?”

బయటికి దూకినవాళ్లు తిరిగి వచ్చారు. సాయంత్రం కుమారస్వామి ఆ ఇనుప పెట్టె ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, చెప్పాను.

1989లో నాకు బదిలీ అయ్యేనాటికి ఆ డబ్బాలో బోర్డు మారింది, ప్లాస్టిక్ షీటు మారింది, టీవీ కూడా రంగులది అయింది. ఇనుప పెట్టె, నాడె పిడి మాత్రం మొదటివే. రాజమల్లు లోపలి గదిలో రెండో సాంచా నడుపుతుంటే, సత్తెమ్మ ముందు గదిలో బిళ్లలు తీసుకునేది.

ఆ తర్వాత నేను చేరిన ప్రతి ఊళ్లోనూ ఒకే పద్ధతి పాటించాను. ఏళ్ల తరబడి నిలవాల్సిన యంత్రానికి భాగాలు ఎంచే ముందు, అది ఉండబోయే ఇంట్లో వోల్టేజీ కొలవాలి. కొలవాల్సింది ఆ వీధిలో ఎవరూ పనిచేయని రోజున. రంగుల సంగతి ఆ తర్వాత.