రాగుల కోసం జీపులో కుప్పం

మదనపల్లె నుంచి కుప్పానికి బస్సులున్నాయి. పుంగనూరు, పలమనేరు మీదుగా మారుకుంటూ పోతే మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు. కిటికీ పక్కన సీటు దొరికితే ఒక కునుకు కూడా తీయవచ్చు. ఈ సంగతి మొదటే చెబుతున్నాను, ఎందుకంటే ఇది చదివాక ఎవరికైనా ఆ దారిన పోవాలనిపిస్తే బస్సులోనే పోండి. మేము మా ఆయన జీపులో పోయాం.

మా ఆయన పేరు రెడ్డెప్ప. ఇన్సూరెన్సు ఏజెంటు. బండికి ప్రమాదం జరిగితే ఏమేం పోతాయో విడమరిచి చెప్పి జనాన్ని భయపెట్టడం ఆయన వృత్తి. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట పెద్దతిప్పసముద్రం దగ్గర క్వారీ వాళ్ళు వదిలించుకున్న పాత జీపును ఇంటికి తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడు అనడం కూడా మర్యాద కోసమే. ట్రాక్టరు వెనక కట్టించుకుని వచ్చాడు. "ఫోర్ వీల్ డ్రైవ్ మే! నాలుగు చక్రాలూ లాగతాయి" అన్నాడు. ఆ రోజు మాత్రం నాలుగు చక్రాలనూ ట్రాక్టరే లాగింది.

అప్పటి నుంచి ఆ జీపు మెకానిక్కు ముఖం చూడలేదు. ఫోన్లో వీడియోలు చూసి అన్ని పనులూ ఆయనే చేసుకున్నాడు. డ్రైవరు సీటు పాత బస్సుది. హారనుకు మా ఇంటి కాలింగ్ బెల్లు బటను పీకి పెట్టాడు, కాబట్టి మా ఇంటికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ తలుపు బాదుతున్నారు. బానెట్టు పక్క నుంచి పైకప్పు దాకా లావుపాటి పీవీసీ పైపు నిలబెట్టి నల్ల రంగు పూశాడు. బండి నీళ్ళలో మునిగినా ఇంజనుకు గాలి అందుతుందట. బోరు ఎంత లోతు వేసినా దుమ్మే లేచే మా ప్రాంతంలో, జీపు మునిగేంత నీళ్ళు ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేదు. చివరికి నాలుగు చక్రాలకూ నడిమధ్యన గుండ్రటి మూతలు బిగించి, వాటికీ నల్ల రంగు కొట్టి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాడు.

ఇదంతా నేను భరించేదాన్నే, జీపు మా షెడ్డులో లేకపోతే. మా ఇంట్లో త్రీఫేజు కరెంటు ఉన్నది ఆ షెడ్డులోనే. రాగిపిండి మిల్లు పెట్టాలని నేను కొన్న మిషను, ఆ కరెంటు అందక, హాల్లో టీవీ పక్కన పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళు దాని మీద కాఫీ గ్లాసులు పెట్టిపోతుంటారు. మా వీధిలో పిండి తీసుకుంటామన్న వాళ్ళు అడిగి అడిగి ఊరుకున్నారు. ఆ దుప్పటి చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది.

ఇట్లా ఉండగా, కుప్పం దగ్గర పల్లెలో ఉన్న మా ఆయన అక్క, అంటే మా సుగుణ వదిన, ఫోను చేసింది. "రాగులు నూర్చినాము. నీ మిల్లుకని రెండు మూటలు తీసి పెట్టినా. వచ్చి ఎత్తుకపోండి" అంది. మా ఆయన వెంటనే జీపు తాళాలు అందుకున్నాడు. అప్పుడు నేను షరతు పెట్టాను.

"కుప్పం పోయి, మళ్ళీ ఇంటికి రావల్ల. మెకానిక్కు చెయ్యి పడకూడదు, ఎవురూ తొయ్యకూడదు, తాడు కట్టి లాక్కూడదు. అట్ల వస్తే షెడ్డు నీ జీపుకే, నేను నోరెత్తను. లేకుంటే జీపు బయట, మిషను లోపల."

"సరే మే" అన్నాడు, అప్పుడే గెలిచినట్టు మీసం దువ్వుకుంటూ.

పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి, తాళం తిప్పితే బండి దగ్గి ఊరుకుంది. ఎదురింటి వాళ్ళిద్దరు వచ్చి తోస్తే గానీ నిమ్మకాయలు నలగలేదు. "గేటు దాటనిది ప్రయాణం కిందికి రాదు" అన్నాడు మా ఆయన. ఇన్సూరెన్సు వాళ్ళకు ఇలాంటి నిబంధనలు నోటికి వస్తాయి. పోనీలే అని ఊరుకున్నాను.

పుంగనూరు చేరేసరికి ఎనిమిది దాటింది. దోసె తిని వస్తే బండి కింద డీజిలు చుక్కచుక్కగా కారుతోంది. ట్యాంకుకు కన్నం. మా ఆయన ముఖంలో దిగులు లేదు సరికదా, వీడియోలో చూసింది చేసి చూపించే అవకాశం వచ్చినందుకు వెలిగిపోయింది. పక్కనే ఉన్న చిల్లర అంగడికి పోయి సబ్బు అడిగాడు. అంగట్లో గడ్డం నెరిసిన సాయిబు ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"సబ్బు యాల సారూ, ఈడ్నే స్నానం చేస్తారా?"

"నాకు కాదు బాయ్, ట్యాంకుకు."

"ట్యాంకుకు వాసన సబ్బు యాల? బట్టల సబ్బు సాలు, తీస్కోండి" అంటూ ఆయన లేచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. పైపు దగ్గర ఆగి తల పైకెత్తాడు. "అరే, బోరు కూడా వేయించుకోనుండారే! నీళ్ళు పడినాయా?"

పాల క్యాన్లతో ఆటో ఎక్కబోతున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ముఖం పక్కకు తిప్పుకుని. సబ్బు రుద్దాక కారడం ఆగింది. అది మా ఆయన చెయ్యే కాబట్టి షరతు చెడలేదు. ఆ గెలుపు గర్వంతో పలమనేరు దాకా కాలింగ్ బెల్లు నొక్కుతూనే ఉన్నాడు.

పలమనేరు దాటాక వాన పట్టుకుంది. జీపుకు వైపరు ఉంది, మోటారు లేదు. వైపరుకు రెండు వైపులా ట్వైను దారం కట్టి, ఒక కొస ఈ కిటికీలోంచి, ఇంకో కొస ఆ కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. "నువ్వొకసారి లాగు, నేనొకసారి లాగతా" అన్నాడు. ఆయన చేతులు స్టీరింగుకే చాలడం లేదు. చివరికి రెండు కొసలూ నా చేతికే వచ్చాయి. కుప్పం దాకా ఆ వానంతా నేనే తుడిచాను. వి.కోట దగ్గర తడుస్తూ నిలబడిన ఒక ముసలమ్మను ఎక్కించుకున్నాం. వెనక సీటుకు మెత్త లేదు, ఇనుప పట్టీ మాత్రమే ఉంది. రెండు గుంతలు దాటగానే ఆమె మా ఆయన భుజం తట్టింది.

"నన్ను ఈడ్నే దించు నాయనా. నడిసిపోతా."

"వాన పడతాండాది కదవ్వా!"

"వానకు తడిస్తే ఆరతాదిలే నాయనా. నడుం ఇరిగితే ఎవురు అతికించేది?"

దించాం. ఆమె మా వెనకే వచ్చిన బస్సెక్కి, మమ్మల్ని దాటిపోతూ కిటికీలోంచి చెయ్యి కూడా ఊపింది.

మధ్యాహ్నానికి కుప్పం, అక్కడి నుంచి వదిన వాళ్ళ పల్లె చేరాం. భోజనం అయ్యింది, రాగుల మూటలు ఎక్కాయి, వదిన దారిలో తినడానికి క్యారియరు కట్టి ఇచ్చింది. వాన వెలిసింది. నల్లగా మెరుస్తూ తారు రోడ్డు వాళ్ళ ఇంటి ముందే ఉంది. దాని మీద నేరుగా పోయుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మా ఆయనకు వాళ్ళ బావ మునిరత్నం ముందు నాలుగు చక్రాల ప్రతాపం చూపించాలి. బండిని చెరువు కింది బురద దారిలోకి తిప్పాడు.

"రోడ్డు ఉండాది గదప్పా, యాల ఆ రొంపిలోకి?" అన్నాడు మునిరత్నం అన్న, పంచె ఎగగట్టుకుని వెనకే నడుస్తూ.

"రోడ్డు మీద ఎవురైనా పోతారు బావా. సూస్తాండు నువ్వు."

ఆయన చూశాడు. నేను చూశాను. కోతలు ముగించుకుని ఇళ్ళకు పోతున్న పది మంది చూశారు. జీపు నాలుగు బారలు పోయి బురదలో కూర్చుంది. వెనక చక్రాలు బురద ఎగజిమ్ముతూ గిరగిరా తిరుగుతున్నాయి. ముందు చక్రాలు కదల్లేదు.

"నాలుగూ లాగతాయంటివే! ముందరివి ఊరికే సూస్తాండాయే?" అన్నాడు మునిరత్నం అన్న.

అసలు సంగతి ఇది. ఇలాంటి పాత జీపుల్లో ఒక్కొక్క ముందు చక్రం నడిమధ్యన ఒక పిడి ఉంటుంది. దిగి దాన్ని చేత్తో తిప్పితేనే ఇంజను బలం ఆ చక్రాలకు అందుతుంది. లోపల ఎన్ని రాడ్లు లాగినా లాభం లేదు. ఆ పిడుల మీదే మా ఆయన అందమైన మూతలు బిగించాడు.

"ఆ మూతలు తీసి తిప్పప్పా మరి" అన్నాడు మునిరత్నం అన్న.

"ఇప్పుడు తియ్యకూడదు బావా."

"యాల?"

"తియ్యకూడదంతే. ట్రాక్టరు పిలిపీ."

నాకు ఆశ్చర్యమేసింది. ట్రాక్టరు తాడు కడితే ఆయన ఓడిపోయినట్టే. రెండేళ్ళు ఒంటరిగా పోరాడిన మనిషి తన నోటితోనే ట్రాక్టరు అడుగుతున్నాడు! అయినా నాకెందుకు? మనసులో అప్పుడే మిషను షెడ్డులో ఏ గోడకు పెట్టాలో చూసుకుంటున్నాను. ఎవరో ట్రాక్టరు కోసం పోయారు కూడా. కానీ మా ఆయన ముందు చక్రానికి అడ్డంగా నిలబడి పక్కకు జరగడం లేదు. పిక్కల దాకా బురదలో అదేం నిలబడడం? నేను ఆయన్ని పక్కకు లాగి చూశాను. రాళ్ళు గీరుకుని మూత మీద నల్ల రంగు లేచిపోయింది. కింద స్టీలు తళతళలాడుతోంది. సీసాలోని నీళ్ళు పోసి చేత్తో తుడిచాను. అక్షరాలు కనబడ్డాయి.

నాగరత్నమ్మ.

మా అమ్మ పేరు. నా పెళ్ళికి సామాన్లు కొన్నప్పుడు పాత్రల అంగట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, ప్రతి గిన్నె వెనకా, ప్రతి పళ్ళెం వెనకా తన పేరు కొట్టించింది. "రేపు ఎవురూ మాదని అనకూడదు" అంది. అమ్మ ఇప్పుడు లేదు. ఆ సామాన్లలో నాలుగు గుంత పళ్ళాలు కనబడకుండా పోతే ఇల్లంతా వెతికాను. "మీ చెల్లెలు పట్టుకపోయుంటాది, ఆ యమ్మ చెయ్యి అట్లాంటిదే" అని మా ఆయన నిబ్బరంగా చెప్పాడు. కాదని నేను, అవునని ఆయన, ఎన్ని పూటలు పోట్లాడామో.

నాకు మొదట ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది.

"స్క్రూడ్రైవరు ఇయ్యి" అన్నాను.

"అమ్మా శ్యామలా, ట్రాక్టరు వస్తాండాదిలే, నిలుకో" అన్నాడు మునిరత్నం అన్న.

నేను ఆగలేదు. బురదలో కూర్చుని ఒక పళ్ళెం విప్పాను. అవతలి చక్రానికి పోయి రెండోదీ విప్పాను. రెండిటినీ కొంగుతో తుడుచుకుని గట్టుకు వచ్చేసరికి, మా ఆయన తల పైకెత్తకుండా పిడులు రెండూ తిప్పి బండెక్కాడు. ముందు చక్రాలు బురదను పట్టుకున్నాయి. జీపు ఎనుబోతులాగా ఒళ్ళు విదిలించుకుని గట్టెక్కింది. జనం ఈల వేశారు. అప్పుడే చెరువు కట్ట మీద ట్రాక్టరు కనబడింది. ఇంకొంచెం సేపు ఊరికే నిలబడి ఉంటే షెడ్డు నాది. నా చేతులతో నేనే ఆయన్ని గెలిపించి పెట్టాను.

తిరుగుదారిలో పళ్ళాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పలమనేరు దాటాక ఆయనకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఏదైతేనేం, ఎవురూ తొయ్యలేదు, ఎవురూ లాగలేదు" అన్నాడు.

"అవును. గెలిచినావు. షెడ్డు నీదే" అన్నాను.

ఏడు గంటల ప్రాంతంలో, పుంగనూరు ఇంకా ముందుందనగా, రోడ్డు పక్కన ఆపి క్యారియరు విప్పాం. రాగి ముద్దలు, అనపగింజల పులుసు. వదిన పళ్ళాలు పెట్టడం మరిచిపోయింది. నేను క్యారియరు మూతలో పెట్టుకున్నాను. ఆయనకు మా అమ్మ పళ్ళెంలో ముద్ద పెట్టి, నిండా పులుసు పోశాను. ముద్ద పళ్ళెంలో ఉండిపోయింది, పులుసు స్క్రూల కోసం వేసిన కన్నాల్లోంచి ఆయన ప్యాంటు మీదికి దిగింది.

ఆయన రెండో పళ్ళెం తీసుకుని మొదటి దాని కింద పెట్టుకున్నాడు. అయినా కారింది. రెండిటికీ కన్నాలు సరిగ్గా ఒకేచోట ఉన్నాయి. మా ఆయన కొలతలు వేసి చేసిన పనుల్లో తప్పు లేకుండా వచ్చింది అదొక్కటే.

"ఆ మూతలో పెట్టియ్యి మే."

"యాల? నీ జీపు పళ్ళెమే గదా. ఇంక రోజూ దీంట్లోనే పెడతా. మీ అక్కావాళ్ళు వస్తే వెనక చక్రాలవి రెండూ ఉండాయి."

ఉత్త ముద్ద మింగి బండి తీశాడు. పుంగనూరు దీపాలు కనబడుతుండగా మెల్లగా మొదలుపెట్టాడు.

"పాత బండ్లను షెడ్డులో పెడితే తుప్పు పడతాదంట మే. బయట గాలి తగలల్లంట. వీడియోలో సూసినా."

"ఏ వీడియోలో?"

"ఉండాదిలే ఒకటి."

మొత్తం మీద ప్రయాణం బాగుంది. దారి పొడుగునా పచ్చదనం, కుప్పం వైపు గాలి చల్లన, వదిన చేతి పులుసు, నా మటుకు, అమృతం. ఇంటికి చేరగానే నేను చేసిన మొదటి పని, మా చెల్లెలికి ఫోను చేసి మా ఆయన చేతికివ్వడం. అటు వైపు నుంచి ఆమె ఏమందో నాకు వినబడలేదు గానీ, ఆయన "అవునమ్మా, నాదే తప్పు" అని చాలాసార్లు అన్నాడు. జీపు ఆ రాత్రి బయటే పడుకుంది, రాగుల మూటలు షెడ్డులోకి పోయాయి. వెనక చక్రాల మీది అమ్మ పళ్ళాలు రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి. ఆయనకు షెడ్డు మళ్ళీ గుర్తొచ్చిన రోజు విప్పి వడ్డిద్దామని అట్టే పెట్టాను.