రెండో ఫోటో రాకముందు

నక్షత్రాల చుట్టూ దుమ్ము ఉంటుందని మా నాయినకు చెప్పింది నేనే. మక్తల్ బస్టాండు దగ్గర మాది చాయ్ దుకాణం. వచ్చిన ప్రతివాడికీ చాయ్‌తో పాటు నా చదువు సంగతి కూడా అందించేవాడు. "మా బిడ్డ సుక్కల సుట్టు దుమ్ము జూస్తది."

"మక్తల్‌ల దుమ్ము సాల్తలేదా?" అని వాళ్లు నవ్వేవాళ్లు. నాయినా నవ్వేవాడు. నాకే ఒళ్లు మండేది.

అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు తీసిన ఫోటోలు హైదరాబాదులో మేం పరిశోధన చేసే గదికి వస్తాయి. గ్రహాలు పుట్టగా మిగిలిన దుమ్ము నక్షత్రం చుట్టూ పళ్లెంలా తిరుగుతుంటుంది. ఎదురుగా లారీ లైటు కొడితే రోడ్డు మీది మనిషి కనబడనట్టే, నక్షత్రం వెలుగులో ఆ దుమ్ము కనబడదు. అందుకని టెలిస్కోపు లోపల చిన్న అడ్డు పెట్టి నక్షత్రాన్ని మూస్తారు. అయినా అంచుల్లోంచి వెలుగు కారి మరకలు పడతాయి. ఆ మరకలే ఒక్కోసారి దుమ్ములా కనబడి మమ్మల్ని వెర్రివాళ్లను చేస్తాయి. అందుకే టెలిస్కోపును కాస్త తిప్పి మళ్లీ తీస్తారు. మరకైతే టెలిస్కోపుతో పాటే తిరుగుతుంది. నిజం దుమ్ము ఆకాశంలో ఉన్నచోటే ఉంటుంది. కానీ ఆ టెలిస్కోపు ఎప్పుడూ సూర్యుడికి వీపు పెట్టే ఉండాలి, మాకు కావలసినంత తిరగాలంటే నెలలు ఆగాలి. రెండో ఫోటో రాకుండా "దొరికింది" అనే మాట మా గదిలో ఎవరూ అనరు. అన్నవాడు నవ్వులపాలే.

మొదటి ఫోటోలో నాకొక సన్నని వంపు కనిపించింది. నోరాగక ఆ సంగతి నాయినకు చెప్పాను. ఇక ఫోను చేసినప్పుడల్లా అదే. "దొరికిందా బిడ్డా?"

జబ్బుపడి మహబూబ్‌నగర్ దవాఖానలో చేరినప్పుడు కూడా, ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ పక్కకు జరుపుకొని మరీ అడిగాడు.

"ఇంకో ఫోటో రావాలె నాయినా."

"వస్తది తియ్యి," అన్నాడు. మర్నాడు పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. ఎవరో చేతిలో చాయ్ పెడితే తాగాను. అందులో చక్కెర లేదని ఎప్పటికో తట్టింది. రాయి తీరుగ కూసున్నదని చుట్టాలు అనుకుంటుంటే విన్నాను. నిజమే కదా అనుకున్నాను.

మూడో రోజు వాగు గట్టున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి, కాకి ముట్టేదాకా చూస్తారు మా దగ్గర. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలినట్టు. జొన్నరొట్టె, మటన్ కూర, గ్లాసులో మా దుకాణం చాయ్ పెట్టాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. అమ్మ ఆకు దగ్గరికి పోయి, "దుకాణం బంద్ బెట్టను, నువ్వు తిను," అని చెప్పి వచ్చింది. అయినా దిగలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. ఎండ ముదిరింది. అప్పుడు మా మేనత్త నా రెక్క పట్టుకుంది.

"మా అన్నకు ఏం ఫికరున్నదో నాకు దెల్వదా? నీ సుక్క దుమ్ము దొరికిందని ఒక్క మాట జెప్పి రాపో."

"ఇంకా తెల్వదత్తా. ఫోటో రాలే."

"గా ఒక్క మాటంటే నీ నోట్లెకెంచి ముత్యాలు రాల్తయా?"

పోయి నిలబడ్డాను. రొట్టె మీదికి చీమలు ఎక్కుతున్నాయి. వెనక అందరూ నన్నే చూస్తున్నారు. నేను మొండిదాన్నే, కాదనను. కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు నాయినకు ఎన్నడూ చెప్పలేదు. ఆయన పోయాక మొదలుపెట్టడం నావల్ల కాలేదు.

"నాయినా, ఇంకో ఫోటో రావాలె," అన్నాను.

కాకి రాలేదు. మధ్యాహ్నం దాటాక పెద్దమనుషులు ఇక చాలని ఆకు తీసుకుపోయి వాగులో విడిచారు. ఇంటికి వచ్చేటప్పుడు అత్త నన్ను వెనక విడిచి ముందు నడిచింది. అమ్మ కూడా ఆమెతోనే పోయింది.

వానలు తగ్గాక రెండో ఫోటో వచ్చింది. తిప్పిన కోణం సరిచేసి, మొదటిదాని మీద పెట్టి చూశాను. వంపు ఆకాశంలో ఉన్నచోటే ఉంది. మరక కాదు, దుమ్మే. గదిలో వాళ్లంతా నా కుర్చీ చుట్టూ చేరారు, ఒకరు మిఠాయికి పరుగెత్తారు. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగాను. రాకపోయేసరికి బయటికి పోయి ఇంటికి ఫోను చేశాను. అమ్మ దుకాణంలో ఉంది. స్టవ్వు చప్పుడు వినిపిస్తోంది.

"దొరికిందమ్మా. నిజంగనే ఉన్నది."

అమ్మ స్టవ్వు ఆపేసింది.

"అంటే, పిట్టకు వెట్టిన దినం గూడ ఉన్నట్టే గదనే," అన్నది. "ఉన్నదని ఒక్క మాటంటే తిని పోతుండె. మీ నాయిన ఉపాసం వోయిండు."