డాక్టర్ వద్దన్న ఎండ

అమృతమ్మకు ఎండ గిట్టదు. గొడుగు లేనిదే గడప దాటదు. గొడుగున్నా కొంగు ముక్కుదాకా లాక్కుంటుంది. ఎందుకని ఎవరడిగినా ఒకటే జవాబు: "డాక్టర్ వద్దన్నడు."

ఆ మాట వినీ వినీ కోడలు శైలశ్రీకి పిచ్చెక్కుతోంది. కొని తెచ్చుకున్న తంటా మరి. నారాయణఖేడ్ అంగడిలో షెడ్డు మగ వ్యాపారులది. ఆకుకూరలమ్మే ఆడవాళ్లకు బయట మట్టినేల. కాపురానికి వచ్చిన నాటి నుంచి అమృతమ్మ ఆ ఎండలోనే ఆకుకూరల గంప పెట్టుకుని కూర్చుంది, కిక్కురుమనలేదు. బుగ్గలు మాడి మంగుమచ్చలు కమ్మేస్తే, శైలశ్రీయే పట్టుబట్టి హైదరాబాద్‌లో చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మందు పూస్తే పైచర్మం పొరలుగా రాలిపోతుందని, దాన్ని కెమికల్ పీల్ అంటారని చెప్పింది.

"పొట్టు తీస్తరా? నేనేమన్న ఉడకబెట్టిన ఆలుగడ్డనా?"

"మచ్చలు పోతయత్తా. కొన్ని రోజులు ఎండకు పోవద్దు, గంతే."

గంతే అన్నది అంతటితో ఆగితేగా! పొట్టు రాలింది, బుగ్గలు తేటపడ్డాయి, బతుకమ్మ పోయింది, శివరాత్రి కూడా పోయింది. గొడుగు మాత్రం దిగలేదు. చుట్టాలింటికి పోయే సిర్గాపూర్ బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఎండ పక్క మారుతుంది. అమృతమ్మా మారుతుంది, అవతలివాళ్లను లేపి మరీ. "జర లే బిడ్డా, డాక్టర్ వద్దన్నడు." ఓ సాయంత్రం పున్నమి చంద్రుడు పైకి రాగానే వాకిట్లో గొడుగు విప్పింది.

"అది చంద్రుడత్తా!"

"ఆయిన ఎలుగు సూర్యునికాడ తెచ్చుకున్నదేనట గద. టీవీల చెప్పిండ్రు."

శైలశ్రీ తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

అంగడి గుత్తేదారు వీరేశ్ గతి మరీ అన్యాయం. "బీమారు మనిషిని కొడుకా" అని మూలిగి అతనితో గంప మీద టార్పాలిన్ కట్టించుకుంది. నీడ జరుగుతోందని మరుసటి వారం ఇంకొకటి. పొద్దు వాలితే అటునుంచి కొడుతోందని మరొకటి.

"ఒక్క మొఖానికి ఎన్ని టార్పాలిన్లే పెద్దమ్మా?"

"నన్నడుగుతవేంది? డాక్టర్‌నడుగు."

చివరికి శైలశ్రీయే అడిగింది, ఫోన్‌లో. డాక్టర్ తెల్లబోయాడు. "ఆమె ముఖం ఎప్పుడో మానిందమ్మా. క్రీము రాసుకుని, కొంగు కప్పుకుని పనికి పోవచ్చని ఆమెకే చెప్పాను."

శైలశ్రీకి ఒళ్లు మండింది. తిన్నగా అంగడికి నడిచింది. అక్కడ వీరేశ్ టార్పాలిన్ తాడు పట్టుకుని ఉన్నాడు. దారికి అడ్డమని షెడ్డువాళ్లు గొడవ పెట్టారట.

"మంచిగొచ్చినవక్కా. మీ అత్తకు బీమారి ఉన్నదా, లేదా? ఎండల ఎట్ల కూసున్నదో సూడు! లేదను, ఇప్పుడే పీకుత."

శైలశ్రీ నోరు తెరిచింది. టార్పాలిన్ల కింద ఆకుకూరలమ్మే ఆడవాళ్లంతా కిక్కిరిసి ఉన్నారు. కిందటి ఎండాకాలం కడుపుతో ఇక్కడే సొమ్మసిల్లి పడిన నర్మద, ఇప్పుడు బిడ్డను టమాటా డబ్బాలో నిద్రపుచ్చి తోటకూర అమ్ముతోంది. చోటు చాలక అమృతమ్మ అంచున, మండుటెండలో. గొడుగు నర్మద బిడ్డ మీద.

తెరిచిన నోరు మాట మార్చుకుంది. "ఉన్నది వీరేశ్. నీ టార్పాలిన్లు సాలకనే గిట్ల ఎండల పడ్డది. మచ్చలు మళ్లొస్తే నీ పేరే చెప్త. జల్దీ ఇంకోటి కట్టు!"

అమృతమ్మ కొంగు చాటు నుంచి అడిగింది. "డాక్టర్ చెప్పిండా బిడ్డా?"

"ఆఁ, చెప్పిండు!" అని పళ్లు కొరికింది కోడలు.

అయ్యా, అమ్మా, ప్రతి అంగడిలోనూ ఇంత మొండి అమృతమ్మ ఉండదు. ఈసారి కొత్తిమీర కట్ట కొనేముందు, అమ్మే ఆడమనిషి నెత్తిమీద నీడ ఉందో లేదో చూడండి. లేకుంటే మీ ఊరి పంచాయతీనో మునిసిపాలిటీనో నిలదీయండి. నీడ కోసం ఎవరూ జబ్బు నటించే అవసరం ఉండకూడదు. ఎందుకయ్యా ఈ గోల అని వాళ్లంటే, డాక్టర్ వద్దన్నడని చెప్పండి.