చిల్లులు లేని బెల్టు

నా బెల్టును నా కళ్ల ముందే కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను కొనుక్కున్న బెల్టు, నా నడుముకి కట్టుకున్న బెల్టు, నాతోపాటు పరీక్షకి వచ్చినవాళ్లంతా చూస్తుండగా! ఇన్నేళ్లయినా ఆ కత్తెర చప్పుడు నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఆ రోజుల్లో కెనడాలోని మిస్సిసాగాలో ఏ బస్సు ఎక్కినా మన కుర్రాళ్లే. వీపున బ్యాగు, చెవుల్లో పాటలు, ఒంటి మీద సెక్యూరిటీ గార్డు నల్ల చొక్కా. వాళ్లని పిలిపించిన కాలేజీలు (కొన్నిటికి బోర్డు ఉన్నంత ఘనంగా భవనం ఉండేది కాదు) ఫీజు మాత్రం ముందే తీసుకుని, చదువు సంగతి తర్వాత చూద్దాంలే అన్నట్టు ఉండేవి. పాపం కుర్రాళ్లు ఇంజనీరింగు పట్టా సూట్‌కేసులో దాచుకుని, మంచు కురిసే పార్కింగు స్థలాలకి కాపలా కాసేవారు. ఖాళీ పార్కింగు స్థలాన్ని ఎవడు ఎత్తుకుపోతాడో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. నేను పదో తరగతితో బడి మానేసి, చేతికి దొరికిందల్లా చదువుకుని పైకొచ్చినవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఆవిడ కాగితాల్లో భర్త అన్న గడిలో నా పేరు రాయించుకుని, యాభై దాటాక ఈ దేశంలో దిగాను. అయినా దీన్ని నా కుర్రతనపు ముచ్చటగానే రాస్తున్నాను. ఇక్కడ మొదటి ఉద్యోగం దొరికిన రోజే మనిషి పుట్టినట్టు. ఆ ప్రకారం నాకప్పటికి పాలపళ్లు కూడా ఊడలేదు.

నాకు దొరికింది పార్కింగు కాపలా కాదు. బ్యాంకుల డబ్బు మోసే ఇనుప వ్యాను పక్కన, నడుముకి పిస్తోలు పెట్టుకుని నిలబడే ఉద్యోగం! లైసెన్సు పరీక్షలకి ఎవరి సాయమూ లేకుండా చదివి పాసయ్యాను. మిగిలింది ఒకటే. ఒరలోంచి పిస్తోలు చటుక్కున తీసి, మళ్లీ ఒరలో పెట్టే పరీక్ష. అందులో నెగ్గితే వ్యాను, లేకపోతే చిల్లర నాణేలు సంచుల్లో కట్టే గది. మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న కుర్రాళ్లు అప్పటికే నన్ను "కమాండో అంకుల్" అంటున్నారు. ఆ పేరుతో చిల్లర గదిలో కూర్చోవడం కంటే విమానం ఎక్కి వెనక్కి వెళ్లిపోవడం నయమనిపించింది.

పిస్తోలు కంపెనీ ఇస్తుంది, తూటాలు కంపెనీ ఇస్తుంది, బెల్టు మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలట. మాకు శిక్షణ ఇచ్చే మీసాలాయన (పేరు నోరు తిరిగేది కాదు, మీసం మాత్రం మరవలేనిది) క్లాసులో గట్టిగానే చెప్పాడు: తోలు వద్దు, నైలాన్‌ది కొనండి, పొరలు పొరలుగా కుట్టినది, లోపల గట్టి పలక ఉన్నది. ఒక కొన పట్టుకుని అడ్డంగా చాపితే తలవాల్చకూడదు, మెలితిప్పితే తిరగకూడదు.

కుర్రాళ్లలో ఒకణ్ణి వెంటబెట్టుకుని యూనిఫారాల షాపుకి వెళ్లాను. వాడిది వరంగల్లు. ఫోనులో నలుగురి అభిప్రాయం చదవందే ఉప్పు ప్యాకెట్టు కూడా కొనడు కనక వాడికి రివ్యూ అని నేనే పేరు పెట్టాను. షాపు నిండా మన పిల్లలే, నల్ల ప్యాంట్ల కోసం ఎగబడుతున్నారు. నేను తేలిగ్గా ఉన్న ఒక బెల్టు తీశాను.

"అది వద్దంకుల్, అది మా అసొంటోళ్లకి. టార్చిలైట్ పెట్టుకునేటందుకు. మీది గన్ గదా! ఇగో, ఇది తీస్కోండి. మస్తు రివ్యూలున్నయ్."

వాడు చూపించినదాన్ని చేతిలోకి తీసుకున్నాను. మందంగా, నల్లగా, కర్రలా బిగుసుకుని ఉంది. "ఒరేయ్, ఇది మంచానికి అల్లే నవారు కదరా!"

"నవారు గాదంకుల్, మిలిటరీ గ్రేడ్."

"మరి చిల్లులేవి?"

"చిల్లులుండయ్. లోపల వెల్క్రో ఉంటది, ముందల ప్లాస్టిక్ బకిల్ ఉంటది. అతికిచ్చి టక్కున నొక్కుడే."

అతికించుకునే బట్ట! చిన్నపిల్లల బూట్లకి ఉండేది! దాని మీద పిస్తోలు వేలాడదీసి బ్యాంకు సొమ్ము కాపాడమంటారు. అయినా రివ్యూ మాట కాదనలేక, ఏ సైజని మా ఆవిడకి ఫోన్ చేశాను. "ఒక సైజు పెద్దదే తీసుకోండి, చలికాలం లోపల స్వెట్టర్లేసుకుంటారుగా," అంది. మా ఇంట్లో చెప్పుల దగ్గర్నుంచి చొక్కాల దాకా ఏదీ సరిపోయే సైజులో కొని ఎరుగం.

ఇంటికొచ్చి కట్టుకుంటే బెల్టు నడుము చుట్టూ ఊరేగుతోంది. అతికించే బట్టను నమ్మే ప్రశ్నే లేదు. మన ఇళ్లలో బెల్టు వదులైతే ఏం చేస్తాం? మేకు కాల్చి చిల్లు పెడతాం. మా నాన్న పెట్టాడు, నేను పెట్టాను. మా ఇలాకాలో కొత్త బెల్టుకి అది నామకరణం లాంటిది. ప్లాస్టిక్ బకిల్ ఊడబీకి, నా పాత తోలు బెల్టుకున్న ఇత్తడి బకిల్ దబ్బనంతో కుట్టేశాను. పొయ్యి మీద స్క్రూడ్రైవరు ఎర్రగా కాల్చి నవారులోకి దించాను. తోలైతే కమ్మగా కాలుతుంది. ఇది బుసబుసమని కరిగింది. నల్లటి పొగ లేచి ఇంట్లో అలారం మోగింది. మా ఆవిడ స్టూలెక్కి తువ్వాలు విసురుతూ, "వంటింట్లో ఏం కాలుస్తున్నారండీ, మిమ్మల్ని మీరా?" అని అరిచింది. బేస్‌మెంట్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు, పాస్‌పోర్టులు చంకన పెట్టుకుని రోడ్డెక్కారు. (ఒక్కడైనా నన్ను వెంటబెట్టుకెళ్లాలని చూడలేదు, అదీ నాకు గుర్తుంది.)

పరీక్ష రోజు రానే వచ్చింది. అదృష్టవశాత్తు తూటాల్లేని పిస్తోళ్లు ఇచ్చారు. మీసాలాయన ఈల వేశాడు. నేను సర్రున పిస్తోలు లాగాను. పిస్తోలు ఒరలోంచి రాలేదు. ఒరతో సహా బెల్టు పక్కటెముకల దాకా ఎగబాకింది. ఇంకొంచెం గట్టిగా లాగాను. కాల్చిన చిల్లు పర్రున చిరిగి, పిస్తోలు, ఒర, రేడియో, ఇత్తడి బకిల్ అన్నీ కట్టగట్టుకుని నా పాదాల మీద పడ్డాయి. వాటిని చూసి ప్యాంటు కూడా బయల్దేరింది గానీ, దాన్ని పట్టుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. అదే పెద్ద అవమానం. మీసాలాయన వచ్చి పిస్తోలు తీసుకున్నాడు. బెల్టు ఎత్తి వెలుగులో పెట్టి ఆ చిల్లులోంచి నన్ను చూశాడు. "ఇది మళ్లీ ఎవరి నడుమూ ఎక్కకూడదు," అని కత్తెర తెప్పించాడు. మర్నాటి నుంచి నేను చిల్లర గదిలో ఉన్నాను.

నేను ఊరుకునే మనిషినా? చిల్లు నా తప్పే అనుకోండి, కత్తెర ఎవరి తప్పు? కంపెనీకి ఈమెయిళ్లు మొదలుపెట్టాను. "అది నా ఆస్తి. పరీక్ష నాదా, బెల్టుదా? నాకు మళ్లీ అవకాశం ఇవ్వాలి." మొదటిది చదివి రివ్యూ తల గోక్కున్నాడు. "జర పొలైట్‌గా రాద్దామంకుల్."

"పొలైట్‌గా రాస్తే అది ఫిర్యాదు కాదురా, శుభలేఖ."

కంపెనీ నుంచి ప్రతిసారీ ఒకటే జవాబు: మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. అంత విలువైనదాన్ని చదివినవాడు ఒక్కడూ ఉన్నట్టు లేదు. చిల్లర మూటలు కడుతూ నేను రాస్తూనే ఉన్నాను. మంచు కరిగింది. మా ఆవిడ "ఆ బెల్టు కోసం రాసిన ఇంగ్లీషుతో ఓ డిగ్రీ వచ్చేదండీ" అంది. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంటిపట్టునే ఉంటున్నాను. అద్దంలో చూసుకున్నప్పుడు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో న్యాయం అడిగిన ఆ యాభై దాటిన కుర్రాడి మీద కోపం రాదు, కాస్త ముద్దే వస్తుంది. ఇంతకీ మంచు కరిగిన ఆ వేసవిలోనే ఎవరో మనిషన్నవాడు చదివినట్టున్నాడు, చివరికి జవాబు వచ్చింది. ఇంగ్లీషులోది, తెలుగులో చెబుతున్నాను:

"అయ్యా, మీ అనుమతి లేకుండా మీ బెల్టు కత్తిరించినందుకు క్షమించండి. మంగళవారం ఉదయం మళ్లీ పరీక్షకి రావచ్చు. మీ కొలతకి తగిన బెల్టు మేమే సిద్ధంగా ఉంచుతాం. దయచేసి దాన్ని ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి."