అత్త ఎత్తు బంగారం

మేడారం జాతర దగ్గర పడిందంటే హన్మకొండలో మా ఇంటి కింది కిరాణా దుకాణం ముందు బెల్లం ముద్దలు గుట్టలుగా పోస్తారు. చెరుకు పాకం, గోనెసంచి కలిసిన ఆ వాసన మెట్లెక్కి వంటింట్లోకి వస్తే నా చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. ఎక్కడో భివండీలో మంచం పట్టిన మా సారక్కత్త, మా ఊరు రేగొండలో ఆమె కోసం ఏం చేయాలో తోచక ఏదో ఒకటి చేస్తూ ఉండిపోయిన మేమందరం గుర్తుకొస్తాం.

సారక్కత్త మా బాపుకు తోడబుట్టిన చెల్లెలు. జాతర నెలలో పుట్టిందని, మేమంతా అవ్వ అని పిలిచే మా నానమ్మ ఆమెకు ఆ జాతర దేవత పేరే పెట్టుకుంది. మగ్గాల పనికి పోయిన మామ వెంట భివండీలో కాపురమున్నా బతుకమ్మకు మాత్రం తప్పకుండా వచ్చేది. వచ్చిందంటే ఇల్లంతా ఆమెదే. తంగేడు పూలు తెచ్చినవాళ్ళను గునుగు ఏదని తిట్టేది, సత్తుపిండి ముద్దలు మాకంటే ముందు తనే రుచి చూసేది, మా అమ్మ రవికెలు అడగకుండా తొడుక్కుని పోతూ పోతూ తనవి విడిచిపెట్టేది. వదినా ఆడబిడ్డలు పొద్దంతా కీచులాడుకుని మాపటికి ఒకే కంచంలో తినేవాళ్ళు.

తెలంగాణ ఉద్యమం ఊరూరా మంట మీదున్న ఏడాది ఆమె రాలేదు. కడుపులో గడ్డ అన్నారు, అక్కడే దవాఖానలో చేర్చారు. మాకున్నది బాపు సెల్‌ఫోన్ ఒక్కటే. పొద్దుగూకే వేళ సిగ్నల్ అందే చోటని వాకిట్లో నీళ్ళ గోలెం పక్కన గుమిగూడి, స్పీకర్ పెట్టి, తలా ఒక మంచి మాట చెప్పేవాళ్ళం. చెడ్డ మాట ఒక్కటి కూడా అనొద్దని అవ్వ కట్టడి చేసింది. బర్రె ఈనిందని, పెయ్యదూడ పుట్టిందని, రోడ్డు మీద వంటావార్పు పెడితే పులిహోర మన పెద్ద గంజు గిన్నెలోనే కలిపారని చెప్పాం. మిరపతోట తెగులు తగిలి పోయిన సంగతి చెప్పలేదు. అన్నీ విన్నాక అత్త, తెలంగాణ వస్తదా అన్నా అని అడిగేది. వస్తది, నువ్వు సుత లేస్తవు అనేవాడు బాపు. రెండూ ఒకే గొంతుతో చెప్పేవాడు. రెండిట్లో ఏదీ ఆయన చేతిలో లేదు.

అంతలో జాతర వచ్చింది. రోగం నయమైతే చాలని సమ్మక్క తల్లికి మనిషి ఎత్తు బెల్లం మొక్కుకోవడం మా వైపు ఆనవాయితీ. ఆ బెల్లాన్నే బంగారం అంటాం. కాంటాలో ఒక తట్టలో మనిషి కూర్చుంటే రెండో తట్టలో బంగారం వేయాలి. మనిషి ఇక్కడ లేదు కాబట్టి దవాఖానలో చెప్పిన బరువుకు తెస్తే సరిపోతుందన్నాడు బాపు. అవ్వ ఒప్పుకోలేదు.

"తక్కువ జోకితే తల్లి నా బిడ్డను తక్కువనే ఇస్తది నాయినా. మనింటికెల్లి పోయిన నాటి సారక్కను జోకుండ్రి."

పెట్టెలోంచి అత్త విడిచిపోయిన ఆకుపచ్చ రవికె తీసి అమ్మను తొడుక్కోమంది. కుట్టించినట్టు సరిపోయింది. అదే రవికెతో, అత్తకు బదులుగా అమ్మను దుకాణానికి తీసుకుపోయారు. ధాన్యం బస్తాలు జోకే పెద్ద కాంటా తట్టలో అమ్మ మోకాళ్ళు ముడుచుకుని, తల వంచుకుని కూర్చుంది. ఇంకోసారైతే దుకాణం ముందున్నవాళ్ళు వేళాకోళం ఆడేవాళ్ళే, ఎవరి మొక్కో తెలుసుకుని ఊరుకున్నారు. అమ్మ తట్ట నేల విడిచి లేచాక కూడా అవ్వ ఇంకో ముద్ద వేసింది. అది చూసి, అత్తకు ఇక ఏమీ కాదని నేను గట్టిగా నమ్మాను.

ట్రాక్టర్‌లో దుమ్ము కొట్టుకుంటూ వెళ్ళి, జంపన్న వాగులో మునిగి, శివసత్తుల పూనకాల మధ్య, పసుపు కుంకుమల్లో తడిసిన జనం మధ్య తల్లుల గద్దెల మీద బంగారం పెట్టి వచ్చాం. ఇంటికి రాగానే ఫోన్ కలిపారు.

"నీ బరువంత నేనే కూసున్న పిల్లా. ఇగ లేసి రా," అంది అమ్మ.

అత్త నవ్వింది. ఆ నవ్వు సగంలోనే దగ్గుగా మారింది.

"ఇప్పుడు నన్ను జోకితే ఒక్క ముద్దకే కాంట లేస్తది వదినె."

అమ్మ ఫోన్ బాపు చేతిలో పెట్టి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది.

సమ్మక్క తల్లి దగ్గరినుంచి తెచ్చిన ప్రసాదం ముద్దను తువ్వాలలో కట్టుకుని బాపు కాజీపేటలో రైలెక్కాడు. ఆ రోజే రైలు రోకో. జనగామలో బండి ఆగిపోయింది. తాను కూడా ఉద్యమంలో ఒకప్పుడు ఇలాగే పట్టాల మీద కూర్చున్నవాడే, ఎవరిని తిట్టాలో తెలియక మాపటిదాకా ప్లాట్‌ఫాం మీద చూసి, చూసి వెనక్కి వచ్చాడు. మళ్ళీ బయలుదేరేలోపే అత్త పోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు. ఆ ముద్దను అవ్వ ఉట్టిలో పెట్టింది. వానలు పడ్డాక బెల్లం కరిగి గుడ్డలోంచి కారుతుంటే ఎవరినీ తుడవనివ్వలేదు.

తెలంగాణ వచ్చింది. అది చూసి అవ్వ కూడా పోయింది. రేగొండ దుకాణంలో ఆ కాంటా లేదు. మిషన్ పెట్టుకున్నారు, ఎన్ని కిలోలో చెబితే చాలు, మనిషి కూర్చునే పని లేదు. మొన్న ఊరికి పోయినప్పుడు అమ్మ పెట్టెలో ఆ ఆకుపచ్చ రవికె కనిపిస్తే ఊరికే తొడుక్కుని చూశాను. నాకు కుట్టించినట్టే సరిపోయింది. గుమ్మంలో నిలబడి అమ్మ చూసింది.

"ఇప్పెయ్ బిడ్డా, అది నీకు సరిపోవద్దు," అంది మెల్లగా.

విప్పి, మడత పెట్టి, మళ్ళీ పెట్టె అడుగునే పెట్టాను.